ఐసీయూలో నర్సులు అసలు ఏం చేస్తారు?

"ఐసీయూలో పెట్టారు" అన్న మాట వినగానే ఇంట్లోవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. "వెంటిలేటర్ మీద ఉన్నారు" అంటే భయం ఇంకా ఎక్కువ. ఇక ఆశ లేదనే చాలామంది అనుకుంటారు. లోపలికి వెళ్లి చూస్తే మనిషికి అన్ని వైపులా గొట్టాలు, ఆగకుండా మోగే మెషీన్లు, ఒక్కోసారి చేతులు మంచానికి కట్టేసి ఉంటాయి. డాక్టర్లు వచ్చి చూసి వెళ్తుంటారు. పగలూ రాత్రీ మంచం పక్కనే ఉండేది మాత్రం నర్సు. ఆ నర్సు చేసే పని ఏమిటో బయటివాళ్లకు తెలియదు కాబట్టి అనుమానాలు మొదలవుతాయి. అంత మత్తు ఎందుకిచ్చారు? చేతులెందుకు కట్టారు? మమ్మల్ని ఎందుకు లోపలికి రానివ్వరు?

ఇవి అడగాల్సిన ప్రశ్నలే. వీటి గురించి నర్సులూ డాక్టర్లూ కూడా దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. గత పాతికేళ్లలో వాళ్ల సమాధానాలు చాలావరకు మారాయి. ఎక్కువసార్లు అవి ఒకే దిక్కుకు మారాయి: రోగిని ఇంకా దగ్గరగా కనిపెట్టడం, అతని శరీరం మీద అవసరానికి మించి ఏదీ చేయకపోవడం.

ఐసీయూ జబ్బును తగ్గించదు, గడువు ఇస్తుంది

న్యుమోనియాను తగ్గించేది యాంటీబయాటిక్, రోగి సొంత రోగనిరోధక శక్తి. వెంటిలేటర్ కాదు. ఊపిరితిత్తులు పని చేయలేని రోజుల్లో వాటి బదులు గాలి పంపడమే వెంటిలేటర్ పని. బీపీ నిలబెట్టే మందులు, కిడ్నీల బదులు పని చేసే డయాలసిస్ కూడా అంతే. విరిగిన ఎముకను కట్టు అతికించదు, అతుక్కునేదాకా కదలకుండా పట్టి ఉంచుతుంది. ఐసీయూ చేసేది కూడా ఆ పనే. కాకపోతే ఇక్కడ పట్టి ఉంచడంలోనే ప్రమాదం ఉంది. ప్రతి గొట్టమూ ఒక ఇన్‌ఫెక్షన్‌కు దారి కావచ్చు, ప్రతి మందుకూ ఒక దుష్ప్రభావం ఉండవచ్చు.

ఈ పద్ధతి పుట్టిందే మనుషుల చేతుల మీద. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడి రోగులు వరసగా చనిపోతుంటే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపవచ్చని చూపించారు. చాలినన్ని మెషీన్లు లేవు. వందల మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని, వారాల తరబడి రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. ఆ మరుసటి ఏడాదే ఇలాంటి రోగులందరినీ ఒకే చోట ఉంచి చూసుకునే విభాగం మొదలైంది. తర్వాత సంచి నొక్కే పని మెషీన్ తీసుకుంది. పక్కన కూర్చుని రోగిని గమనించే పని నర్సుకు మిగిలింది.

అలారం మోగకముందే తెలుసుకోవడం

క్రిటికల్ కేర్ నర్సు నైపుణ్యం ఎక్కడుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. రోగి బరువు 60 కిలోలు, జబ్బు న్యుమోనియా. ఉదయం 8 గంటలకు గుండె వేగం 96, బీపీ 112/64, నిమిషానికి శ్వాసలు 20, గడిచిన గంటలో వచ్చిన మూత్రం 50 మి.లీ. పది గంటలకు గుండె వేగం 108, బీపీ 104/56, శ్వాసలు 24, మూత్రం 35 మి.లీ. పన్నెండు గంటలకు గుండె వేగం 118, బీపీ 98/48, శ్వాసలు 28, మూత్రం 20 మి.లీ.

విడివిడిగా చూస్తే ఏ అంకే అంతగా భయపెట్టదు. గుండె వేగం 120 దాటితేనో, బీపీ పై అంకె 90 కంటే తగ్గితేనో, శ్వాసలు 30 దాటితేనో మోగేలా మానిటర్‌ను పెట్టి ఉంటే ఈ నాలుగు గంటల్లో ఒక్క అలారం కూడా మోగదు. కానీ నాలుగు అంకెలనూ కలిపి చూసిన నర్సుకు వేరే విషయం కనిపిస్తుంది.

బీపీలో రెండు అంకెలుంటాయి. అవయవాలకు రక్తం అందుతోందా లేదా అన్నది సగటు పీడనాన్ని బట్టి అంచనా వేస్తారు. గుండె ఒక్కో దెబ్బలో ఎక్కువ సేపు విశ్రాంతిలోనే ఉంటుంది కాబట్టి లెక్కలో కింది అంకెకే బరువు ఎక్కువ: కింది అంకెకు, రెండింటి తేడాలో మూడో వంతు కలపాలి. ఉదయం 8కి అది 64 + 16, అంటే 80. పన్నెండింటికి తేడా 50, అందులో మూడో వంతు సుమారు 17, మొత్తం 65. ఇన్‌ఫెక్షన్ ప్రభావం ఒళ్లంతా పాకి షాక్‌లోకి, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి, వెళ్లిన రోగుల్లో కనీసం 65 ఉండేలా చూడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే మనిషి సరిగ్గా అంచు మీద ఉన్నాడు. మూత్రం కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరైనా రావాలి. అరవై కిలోలకు అది 30 మి.లీ. వచ్చింది 20. కిడ్నీలకు రక్తం సరిగా అందడం లేదని అనుమానించడానికి ఇది చాలు.

ఇక్కడ మెషీన్‌తో పనిలేని పరీక్ష ఒకటుంది. వేలి కొసను పది సెకన్లు తెల్లబడేలా నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు. మూడు సెకన్లు దాటితే చర్మానికి రక్తం సరిగా చేరడం లేదన్నమాట. షాక్‌లో ఉన్న రోగులకు ఈ వేలి పరీక్షను బట్టి చికిత్స చేస్తే ఎలా ఉంటుంది, కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్‌ను కొలిచి చేస్తే ఎలా ఉంటుంది అని 2019లో ఒక పెద్ద అధ్యయనం పోల్చి చూసింది. వేలి పరీక్ష ఏమాత్రం వెనకబడలేదు.

ఇదంతా చూసిన నర్సు డాక్టరుకు ఫోన్ చేసి "బీపీ కొంచెం తక్కువగా ఉంది సార్" అంటే చాలదు. నాలుగు గంటల్లో సగటు పీడనం 80 నుంచి 65కి పడింది, మూత్రం సగానికంటే తగ్గింది, వేళ్లు చల్లగా ఉన్నాయి, షాక్ మొదలవుతోందనుకుంటున్నాను, మీరు వెంటనే రావాలి అని చెప్పాలి. ముందు పరిస్థితి, తర్వాత నేపథ్యం, తన అంచనా, చివరగా ఏం కావాలో చెప్పే ఈ వరసను శిక్షణలో ప్రత్యేకంగా నేర్పిస్తారు. అందులో "తన అంచనా" అన్న భాగమే చాలా ముఖ్యమని నా అభిప్రాయం. చూసినది చెప్పి ఊరుకోకుండా, దాని అర్థం ఏమిటో కూడా నర్సు చెప్పాలని అడుగుతున్నది ఆ భాగమే.

గంటకు నాలుగున్నర మిల్లీలీటర్లు

డాక్టరు వచ్చి బీపీ పెంచడానికి నార్‌ఎడ్రినలిన్ మొదలుపెట్టమన్నారనుకుందాం. కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము చొప్పున. అరవై కిలోలకు నిమిషానికి 6, గంటకు 360 మైక్రోగ్రాములు. సిరంజిలో 50 మి.లీ. ద్రవంలో 4 మిల్లీగ్రాముల మందు కలిపితే ఒక్కో మిల్లీలీటరులో 80 మైక్రోగ్రాములు ఉంటాయి. 360ని 80తో భాగిస్తే 4.5. సిరంజి పంపును గంటకు 4.5 మి.లీ.కి పెట్టాలి. అక్కడ చుక్క మరిచిపోయి 45 నొక్కితే పదింతల మందు వెళ్తుంది. ఇలాంటి మందుల లెక్కను ఇద్దరు నర్సులు విడివిడిగా వేసి సరిచూసుకోవాలనే నియమం అందుకే వచ్చింది.

సిరంజి మార్చే క్షణం ఇంకా సున్నితం. ఈ మందు రక్తంలో రెండు మూడు నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది. పాత సిరంజి అయిపోయాక కొత్తది కలుపుకుంటూ కూర్చుంటే ఆలోపే బీపీ పడిపోవచ్చు. అందుకే కొత్త సిరంజిని ముందే కలిపి, పంపులో పెట్టి సిద్ధంగా ఉంచుకుంటారు. మార్చేటప్పుడు కళ్లు మానిటర్ మీదే ఉంటాయి. బయట నిలబడి చూసేవాళ్లకు ఇది సెలైన్ సీసా మార్చినట్టే కనిపిస్తుంది.

వెంటిలేటర్ మీద ఉన్న మనిషి

గొంతులో గొట్టం ఉన్న మనిషి మింగలేడు, దగ్గి కఫం బయటికి నెట్టలేడు. నోట్లో ఊరే ద్రవం, క్రిములతో సహా, గొట్టం పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అలా వచ్చే కొత్త న్యుమోనియా ఒక్కోసారి అసలు జబ్బుకంటే ప్రమాదం. దాన్ని ఆపే పనులు చూడ్డానికి చాలా చిన్నవి. తల వైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. గొట్టం చుట్టూ ఉండే చిన్న గాలి బెలూన్‌లో పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. తగ్గితే ద్రవం కిందికి జారుతుంది, పెరిగితే శ్వాసనాళం గోడకు రక్తం అందదు. పళ్లు తోమాలి. కఫాన్ని సక్షన్‌తో, అంటే లోపలికి ఇంకో సన్న గొట్టం పంపి పీల్చి, తీయాలి, కానీ గంట కొట్టినట్టు ప్రతి రెండు గంటలకూ కాదు. ఆ సన్న గొట్టం లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే కఫం చేరిన గుర్తులు కనిపించినప్పుడే, పదిహేను సెకన్లు మించకుండా తీయాలన్నది ఇప్పటి పద్ధతి.

ఊపిరితిత్తుల్లోకి ఎంత గాలి పంపాలన్నది కూడా ఇలాగే మారింది. ఎక్కువ గాలి పంపితే ఆక్సిజన్ బాగుంటుందని మొదట్లో అనుకునేవారు. 2000లో వచ్చిన అమెరికా అధ్యయనం తీవ్రంగా దెబ్బతిన్న ఊపిరితిత్తులకు కిలోకు 12 మి.లీ. బదులు 6 మి.లీ. చొప్పున పంపి చూసింది. మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. ఇక్కడ కిలో అంటే తూకంలో వచ్చే బరువు కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టేది. ఎందుకంటే మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 80 కిలోలు ఉన్నా, లెక్కకు తీసుకునే బరువు సుమారు 52 కిలోలే. ఆవిడకు ఒక్కో శ్వాసకు పంపాల్సింది 315 మి.లీ. దరిదాపుల్లో. తూకం బరువుతో లెక్కేస్తే 480 అవుతుంది, అది ఊపిరితిత్తులను చింపే మోతాదు కావచ్చు. పడుకున్న మనిషి పక్కన నర్సు టేపు పట్టుకుని తల నుంచి మడమ దాకా కొలుస్తున్నారంటే, దాని వెనక ఉన్నది ఈ లెక్కే.

రోగిని బోర్లా పడుకోబెట్టడం కోవిడ్ రోజుల్లో అందరి నోళ్లలో నానింది. 2013లో వచ్చిన అధ్యయనంలో తీవ్ర స్థితిలో ఉన్నవారిని విడతకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. అయితే ఆ అధ్యయనంలో పాల్గొన్న ఐసీయూలన్నిటికీ ఈ పనిలో ఐదేళ్లకు పైగా అనుభవం ఉంది. ఈ మాట చాలామంది పట్టించుకోరు. మనిషిని తిప్పేటప్పుడు ఒకరు తల దగ్గర నిలబడి గొట్టం పట్టుకుంటారు. అందరూ ఆ మనిషి మాట ప్రకారమే కదులుతారు. కళ్లు మూసి టేపు వేస్తారు, మెడ దగ్గరి లైన్లను ఒక్కొక్కటిగా సర్దుతారు. తర్వాత కూడా ముఖం మీద ఒకేచోట ఒత్తిడి పడి పుండు పడకుండా తలను, చేతులను తరచుగా మారుస్తుండాలి. చేయి తిరిగిన బృందం లేకపోతే ఇదే పనిలో గొట్టం ఊడిపోవచ్చు.

మత్తు తక్కువైతే మంచిదేనా?

ఇరవై ఐదేళ్ల క్రితం వెంటిలేటర్ అంటే గాఢమైన మత్తే. రోగికి ఏమీ తెలియకపోవడమే దయ అనుకునేవారు. 2000లో షికాగో పరిశోధకులు రోజుకోసారి మత్తు ఆపి రోగిని లేపి చూశారు. వెంటిలేటర్ మీద గడిపే కాలం మధ్యస్థంగా 7.3 రోజుల నుంచి 4.9 రోజులకు తగ్గింది. అప్పటినుంచీ తేలికపాటి మత్తు వైపు మొగ్గు పెరిగింది. ఎంత మత్తు ఉందో కొలవడానికి నర్సులు ఒక స్కేలు వాడతారు. సున్నా అంటే ప్రశాంతంగా మెలకువగా ఉన్నాడు, ప్లస్ నాలుగు అంటే ఎదురుతిరిగి కొట్టే స్థితి, మైనస్ ఐదు అంటే తట్టినా కదలడు. పిలిస్తే కళ్లు తెరిచి చూసే స్థాయి చాలామందికి సరిపోతుంది.

అలాగని మత్తు పూర్తిగా మానేయవచ్చా? 2020లో వచ్చిన స్కాండినేవియా అధ్యయనం అసలు మత్తు ఇవ్వని పద్ధతినీ, తేలికపాటి మత్తునూ పోల్చింది. మరణాల్లో తేడా కనబడలేదు. ముందు చూడాల్సింది నొప్పి. మాట్లాడలేని మనిషి నొప్పిని నర్సు ముఖంలో, ఒళ్లు బిగించడంలో, వెంటిలేటర్‌తో పెనుగులాడడంలో చదవాలి. నొప్పికి మందివ్వకుండా మత్తు మాత్రమే ఇస్తే మనిషి కదలడు, బాధ మాత్రం అలాగే ఉంటుంది.

చేతులు కట్టడం దగ్గర మాత్రం ఏకాభిప్రాయం లేదు. గొట్టం లాగేసుకుంటే ప్రాణానికే ముప్పు, కాబట్టి తప్పదని ఒక వాదన. కట్టేస్తే భయం, గందరగోళం ఇంకా పెరుగుతాయని, కట్టి ఉన్నా గొట్టాలు లాగేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారని రెండో వాదన. ఎక్కువగా కదిలేవాళ్లనే కడతారు కాబట్టి అధ్యయనాలు దీన్ని తేల్చడం కష్టం. బ్రిటన్ ఐసీయూల్లో చేతులు కట్టడం అరుదు, అమెరికాలో మామూలు. ఈ తేడాకు కారణం నర్సు ఎంతమందిని చూసుకోవాలన్న దగ్గర కూడా ఉందని నేను అనుకుంటాను. పక్కన చేయి పట్టుకుని కూర్చునే మనిషి ఉంటే కట్టాల్సిన అవసరం తగ్గుతుంది.

ముందడుగు వేసి వెనక్కి తగ్గినవి

అన్ని కొత్త పద్ధతులూ నిలవలేదు. 2001లో బెల్జియంలో ఒక అధ్యయనం ఐసీయూ రోగుల షుగర్‌ను ఇన్సులిన్‌తో మామూలు మనిషి స్థాయికి, అంటే 80–110కి దించితే మరణాలు తగ్గాయని చెప్పింది. చాలా దేశాల్లో నర్సులు గంటగంటకూ రక్తం తీసి ఇన్సులిన్ సవరించడం మొదలుపెట్టారు. 2009లో ఆరువేల మందికి పైగా రోగులపై జరిగిన అధ్యయనం దీన్ని తిరగేసింది. షుగర్‌ను బాగా దించినవారిలో మరణాలు 27.5 శాతం, 180 లోపు ఉంచితే చాలనుకున్నవారిలో 24.9 శాతం. ప్రమాదకరంగా షుగర్ పడిపోవడం కూడా మొదటి వర్గంలోనే ఎక్కువ. ఇప్పుడు సాధారణంగా 140–180 మధ్య ఉంచుతారు.

నోరు శుభ్రం చేయడానికి ఏళ్ల తరబడి వాడిన క్లోర్‌హెక్సిడిన్ మందు విషయంలో కూడా ఇలాగే జరిగింది. దానివల్ల మేలుకంటే హాని ఉండవచ్చన్న అనుమానంతో 2022లో అమెరికా మార్గదర్శకాలు దాన్ని పక్కనపెట్టాయి. బ్రష్‌తో తోమడాన్ని మాత్రం ఉంచాయి. రోగిని తొందరగా మంచం దించి నడిపించే పద్ధతికి 2009లో మంచి ఫలితాలు వచ్చాయి. 2022లో ఇంకా ఎక్కువగా, ఇంకా తొందరగా నడిపించి చూస్తే అదనపు మేలు కనబడలేదు, గుండె లయ తప్పడం వంటి సమస్యలు పెరిగాయి.

నర్సు "ఆగండి" అనవచ్చా?

మెడ దగ్గర పెద్ద సిరలోకి వేసే గొట్టం ద్వారా రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ రావడం పాత సమస్య. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని వందకు పైగా ఐసీయూల్లో ఐదు అంశాల జాబితా ఒకటి అమలు చేశారు: చేతులు కడుక్కోవడం, ఒళ్లంతా కప్పే స్టెరైల్ గుడ్డ వాడడం, చర్మం శుభ్రం చేయడం, వీలైనంతవరకు తొడ దగ్గర గొట్టం వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. డాక్టరు ఏదైనా వదిలేస్తే పని ఆపించే అధికారం నర్సుకు ఇచ్చారు. 2006లో ఫలితాలు వచ్చాయి: వెయ్యి గొట్టపు రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే అది ఒక గొట్టపు రోజు) సగటున 7.7గా ఉన్న ఇన్‌ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు తగ్గాయి. ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రయత్నమే చేసినప్పుడు, కార్యక్రమం ఇంకా మొదలవని ఐసీయూల్లో కూడా ఇన్‌ఫెక్షన్లు తగ్గుతూ కనిపించాయి. జాబితా వల్ల ఎంత, కాలంతో వచ్చిన మార్పు వల్ల ఎంత అన్న చర్చ అందుకే ఇంకా ఉంది.

అధికారంతో పాటు సమయం కూడా కావాలి. కాలిఫోర్నియాలో ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరికి మించి రోగులను ఇవ్వకూడదని చట్టం ఉంది. బ్రిటన్‌లో వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు అన్నది ప్రమాణం. చట్టం చేస్తే నర్సులు దొరకనిచోట పడకలు మూసేయాల్సి వస్తుందని, రోగుల తీవ్రత గంటగంటకూ మారుతుంది కాబట్టి అంకె బిగించడం సరికాదని అనేవాళ్లున్నారు. అటువైపు, 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో శస్త్రచికిత్స వార్డులపై వచ్చిన అధ్యయనం నర్సుకు ఒక్క రోగి పెరిగినా మరణించే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు చూపింది. అది ఐసీయూల లెక్క కాదు, కారణాన్ని కూడా నిరూపించదు. అయినా పైన చెప్పిన ఉదాహరణలో ఎనిమిది నుంచి పన్నెండు దాకా వచ్చిన అంకెలు కలిపి చూడాలంటే నర్సు ఆ నాలుగు గంటలూ ఆ మంచం దగ్గర ఉండాలి కదా.

కుటుంబాన్ని ఎంతసేపు రానివ్వాలి?

రోజుకు అరగంట మాత్రమే చూడనివ్వడానికి ఇన్‌ఫెక్షన్, రద్దీ, నర్సు పనికి అడ్డం వంటి కారణాలు చెబుతారు. బ్రెజిల్‌లో 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం రోజుకు 12 గంటల దాకా ఉండనిచ్చి చూసింది. రోగుల్లో గందరగోళ స్థితి గణనీయంగా తగ్గలేదు. ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. కుటుంబంలో ఆందోళన, కుంగుబాటు బాగా తగ్గాయి. నాకైతే ఈ చివరి ఫలితం ఒక్కటే తలుపులు తెరవడానికి చాలనిపిస్తుంది. కాకపోతే వచ్చినవాళ్లకు వివరించే సమయం కూడా నర్సు పనిలో లెక్కవేయాలి.

బయటపడ్డాక మిగిలేది

ఐసీయూ నుంచి ఇంటికి వచ్చినవాళ్లలో చాలామందికి నెలల తరబడి కండరాల నీరసం, మతిమరుపు, నిద్రలో ఉలికిపాటు ఉంటాయి. మత్తులో ఉన్నప్పుడు వచ్చిన భ్రమలు, నర్సులు తనను చంపాలని చూశారన్నంత నిజంగా గుర్తుండిపోతాయి. దీనికోసం కొన్ని దేశాల్లో నర్సులు రోగి పేరిట డైరీ రాస్తారు. "ఈరోజు మీ గొట్టం తీశాం, మీ అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది" అన్నంత మామూలు మాటల్లో. తర్వాత చదువుకుంటే పోయిన రోజులకు ఒక వరస దొరుకుతుంది. 2010లో యూరప్ అధ్యయనం ఈ డైరీలు అందుకున్నవారిలో కొత్తగా మానసిక ఆఘాత రుగ్మత 5 శాతం మందికే వచ్చిందని, అందుకోనివారిలో 13 శాతం మందికి వచ్చిందని చెప్పింది. 2019లో ఫ్రాన్స్‌లో జరిగిన అధ్యయనంలో అలాంటి తేడా కనిపించలేదు. ఆ రెండో అధ్యయనం తర్వాత కూడా చాలా ఐసీయూల్లో నర్సులు డైరీ రాయడం మానలేదు.